ఏ వస్తువు కోసం? ఏ చోట?



పోలీసులు మీ ఇంటికి సోదాకి వచ్చారనుకోండి. అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్నలు రెండే రెండు. ఏ వస్తువు కోసం వచ్చారండీ? ఏ చోట వెతకాలి? ఈ ప్రశ్నలు అడగడానికి మొండి ధైర్యం అక్కర్లేదు. చట్టమే వీటిని మన నోటికి అందించింది. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. ఇంకేం గుర్తు లేకపోయినా ఇవి గుర్తుంచుకోండి. ఏ వస్తువు కోసం? ఏ చోట?

సోదా గురించి మన జనంలో రెండు రకాల నమ్మకాలున్నాయి. వారంట్ చూపించందే పోలీసు గడప దాటకూడదని కొందరనుకుంటారు. సినిమాల్లో అలాగే చూస్తాం మరి. ఇంకొందరు గుమ్మంలో ఖాకీ బట్టలు కనపడగానే బీరువా తాళాలు తెచ్చి చేతిలో పెట్టేస్తారు. ఏం వెతుకుతున్నారో అడగరు. ఏం పట్టుకెళ్లారో చూసుకోరు. ఈ రెండూ పొరపాటే. వారంట్ లేకుండా సోదా చేసే అధికారం పోలీసులకి ఉంది. ఆ అధికారానికి హద్దులు కూడా ఉన్నాయి. అధికారం సంగతి కొందరికైనా తెలుసు. హద్దుల సంగతే చాలామందికి తెలియదు.

ముందు చట్టం పేరు చెప్పుకుందాం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ పోయి, 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చింది. పాత చట్టంలో పోలీసు సోదా గురించి చెప్పిన 165వ సెక్షన్ ఇప్పుడు 185వ సెక్షన్ అయింది. కోర్టు వరండాల్లో ఇప్పటికీ చాలామంది నూట అరవై అయిదు అనే అంటుంటారు. నంబరు మారింది గానీ అసలు సంగతి మారలేదు.

ఆ సెక్షన్ ఏం చెబుతుంది? ముందు, ఒక నేరం మీద దర్యాప్తు నడుస్తూ ఉండాలి. స్టేషన్ అధికారికో, ఆ కేసు చూస్తున్న అధికారికో ఫలానా చోట ఫలానా వస్తువు దొరుకుతుందని నమ్మడానికి తగిన కారణం ఉండాలి. వేరే దారిలో ఆ వస్తువు తెచ్చుకోవాలంటే ఆలస్యమైపోతుందని ఆయనకి అనిపించాలి. ఆ కారణాన్ని కేసు డైరీలో రాసుకోవాలి. ఏ వస్తువు కోసం వెతకబోతున్నారో, వీలైనంతవరకు, అదీ రాయాలి. రాశాకే సోదా. మళ్లీ చెబుతున్నాను. ముందు రాత, తర్వాత సోదా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఊళ్లో ఒక రైతు పొలంలో బోరు మోటారు పోయింది. మన పల్లెల్లో ఇది కొత్త సంగతేం కాదు. రైతు స్టేషన్‌కి వెళ్లి ఫిర్యాదిచ్చాడు. అదే ఊళ్లో ఒకాయన ఇంటి ముందు అర్ధరాత్రి ఆటోలోంచి మోటారు దించడం చూశామని ఎవరో చెప్పారు. ఎస్సై గారు ఆ మాట కేసు డైరీలో రాశారు. పోయిన మోటారు కోసం ఫలానా వారి ఇల్లు, పెరట్లో పశువుల పాక చూడాలని రాశారు. వెళ్లారు. పాకలో వెతికారు. గడ్డివాము కదిపి చూశారు. మంచం కింద చూశారు. అటక మీద చూశారు. ఇదంతా సబబే. మోటారు దాచాలంటే అలాంటి చోట్లే దాస్తారు.

ఇప్పుడు అదే ఎస్సై గారు వంటింట్లోకి వెళ్లి పోపుల డబ్బా మూత తీశారనుకోండి. బోరు మోటారు పోపుల డబ్బాలో పడుతుందా? ఇంటావిడ పెట్టెలో చీరల కింద ఉన్న ఉత్తరాల కట్ట విప్పి, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టారనుకోండి. మోటారుకీ ఆ ఉత్తరాలకీ ఏం సంబంధం? అక్కడితో సోదా హద్దు దాటినట్టు. ఇంట్లోకి రావడం చట్టప్రకారమే జరిగింది. డబ్బా తెరవడం మాత్రం చట్టప్రకారం జరగలేదు.

మోటారు బదులు, ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయారనుకోండి. తీగని ముక్కలు చేసి గోనెసంచిలో కుక్కొచ్చు. బిందెలో పెట్టొచ్చు. అప్పుడు సంచీ విప్పి, బిందెలోకి చూడటం న్యాయమే. పోయింది ఉంగరమైతే పోపుల డబ్బా కూడా చూడాల్సిందే. అంటే సోదా ఎంత లోతుకి వెళ్లాలో ఆ వస్తువే చెబుతుంది. అందుకే ఏ వస్తువో ముందే రాయమంది చట్టం. ఆ ఒక్క మాట రాయకపోతే పోలీసు చేతిలో ఇల్లంతా తెరిచిన పుస్తకమే.

వస్తువు కోసం కాకుండా మనిషి కోసం వచ్చే సందర్భం వేరు. ఎవర్నయినా అరెస్టు చెయ్యడానికి అధికారం ఉండి, ఆ మనిషి మీ ఇంట్లో దాక్కున్నాడని నమ్మితే పోలీసులు లోపలికి వచ్చి వెతకొచ్చు. అది 44వ సెక్షన్. అయితే మనిషిని సొరుగులో వెతకరు. బ్యాంకు పాసుబుక్కు పేజీల్లో వెతకరు. ఇక్కడా అదే ప్రశ్న. దేనికోసం వచ్చారు?

ఇక రెండో ప్రశ్న. ఏ చోట? మామూలుగా ఆ స్టేషన్ పరిధిలోని చోటే సోదా చెయ్యాలి. వేరే స్టేషన్ పరిధిలో అయితే అక్కడి అధికారి ద్వారా చేయించాలి. ఆలస్యమైతే సాక్ష్యం మాయమైపోతుందనుకుంటే తామే వెళ్లి చెయ్యొచ్చు. వెంటనే అక్కడి స్టేషన్‌కి సమాచారం పంపాలి. అధికారి తాను స్వయంగా రాలేక కింది ఉద్యోగిని పంపితే, చేతికి రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చి పంపాలి. అందులో ఏ చోట వెతకాలో రాయాలి. ఏ వస్తువు కోసమో రాయాలి. సారు చెప్పారని ఒక కానిస్టేబుల్ వచ్చి సోదా మొదలుపెట్టడానికి వీల్లేదు.

కోర్టు వారంట్ మీద వచ్చినప్పుడు ఈ చోటు సంగతి ఇంకా గట్టిగా ఉంటుంది. 96వ సెక్షన్ ప్రకారం, ఫలానా ఇంట్లో ఫలానా భాగం మాత్రమే వెతకాలని న్యాయమూర్తి వారంట్‌లో రాయొచ్చు. అలా రాస్తే ఆ భాగం దాటి అడుగు వెయ్యకూడదు. కింది దుకాణం అని రాసి ఉంటే పైన మేడ మీద కాపురం ఉన్నవాళ్ల జోలికి వెళ్లకూడదు. అందుకే వారంట్ చూపించమని అడగండి. చూపించాకే లోపలికి రానివ్వమని చట్టం చెబుతోంది. చదవండి. చదవడం రాకపోతే పక్కింటి పిల్లల్నయినా పిలిచి చదివించుకోండి.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మోటారు కోసం పాకలోకి వెళ్లినవాళ్లకి అక్కడే గంజాయి మూట కనపడితే కళ్లు మూసుకుని బయటికి రారు. దొంగసొత్తు అనిపించినా, నేరానికి సంబంధించిందని అనుమానం కలిగించే వస్తువు కంటపడినా, 106వ సెక్షన్ కింద స్వాధీనం చేసుకోవచ్చు. వెతకడానికి హద్దుంది. వెళ్లదగిన చోట కంటపడినదాన్ని వదిలెయ్యాలన్న నియమం లేదు. ఆ స్వాధీనానికీ ఒక హద్దుంది. ఈ సెక్షన్‌కి ముందున్న పాత సెక్షన్ మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ అధికారం కింద పోలీసులు ఇళ్లు, పొలాల లాంటి స్థిరాస్తిని జప్తు చెయ్యకూడదని చెప్పింది.

సరే, కారణం కేసు డైరీలో రాశారో లేదో మనకెలా తెలుస్తుంది? కేసు డైరీ మనకి చూపించరు కదా అంటారు. నిజమే. దానికీ చట్టం దారి చూపించింది. సోదాకి ముందు రాసుకున్న ఆ కారణాల నకలు 48 గంటల్లోపు దగ్గర్లోని మేజిస్ట్రేట్‌కి పంపాలి. పాత చట్టంలో వెంటనే పంపాలని మాత్రమే ఉండేది. కొత్త చట్టం గడువు పెట్టింది. సోదా జరిగిన ఇంటివాళ్లు మేజిస్ట్రేట్ కోర్టులో ఒక దరఖాస్తు పెడితే ఆ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఈ మాట మళ్లీ చెబుతాను. 48 గంటల్లో మేజిస్ట్రేట్‌కి పంపాలి. దరఖాస్తు పెడితే మీకు ఉచితంగా ఇవ్వాలి. ఈ హక్కు చాలా పాతది. అయినా దీన్ని వాడుకునేవాళ్లు బహు తక్కువ. దరఖాస్తు పెట్టొచ్చని తెలియకే ఎన్నో కుటుంబాలు ఊరుకుంటున్నాయి.

ఆ రాత లేకపోతే ఏమవుతుందో చెప్పే పాత కేసు ఒకటుంది. రాజస్థాన్‌లో పొగాకు పండించే రైతు ఇంటికి సెంట్రల్ ఎక్సైజ్ అధికారులు సోదాకి వెళ్లారు. ముందుగా కారణాలు రాసుకోలేదు. రైతు అడ్డుకున్నాడు. ప్రభుత్వోద్యోగి విధులకి అడ్డం పడ్డాడని కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కారణాలు రాయడం తప్పనిసరని, రాయకుండా చేసిన సోదా చట్టబద్ధం కాదని, అలాంటి సోదాని అడ్డుకున్నందుకు ఆ నేరం నిలవదని 1959లో కోర్టు చెప్పింది. రెహ్మాన్ కేసు అంటారు దీన్ని. అయితే ఈ కథ విని మీరెవరూ తలుపుకి అడ్డం నిలబడకండి. కారణం రాశారో లేదో ఆ క్షణాన గుమ్మంలో తేలదు. అది తేలడానికి ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. చేతులు అడ్డం పెట్టొద్దు. నోటితో అడగండి.

ఇప్పుడు పంచనామా గురించి కాస్త నిదానంగా చెబుతాను. సోదాలో మనకి మిగిలే గట్టి ఆధారం అదే.

సోదా మొదలుపెట్టకముందే ఆ ప్రాంతంలో ఉండే ఇద్దరు పెద్దమనుషుల్ని, కేసుతో సంబంధం లేనివాళ్లని పిలవాలి. ఇద్దరికి తగ్గకూడదు. అక్కడ ఎవరూ దొరక్కపోయినా, రామన్నా, వేరే ప్రాంతంవాళ్లని పిలవొచ్చు. మనవైపు వీళ్లని మధ్యవర్తులంటారు, పంచ్‌లంటారు. సోదా వాళ్ల కళ్లముందే జరగాలి. ఏ వస్తువు ఎక్కడ దొరికిందో జాబితా రాయాలి. అదే పంచనామా. మధ్యవర్తులు దానిమీద సంతకాలు పెట్టాలి. ఇంటివాళ్లు గానీ, వాళ్ల తరఫున ఒక మనిషి గానీ సోదా జరిగినంతసేపూ అక్కడ ఉండొచ్చు. ఉండనివ్వాలి. జాబితా నకలు ఇంటివాళ్ల చేతికివ్వాలి. ఇదంతా 103వ సెక్షన్, పాత 100వ సెక్షన్. వారంట్ ఉన్నా ఇంతే. లేకపోయినా ఇంతే.

మంచి పంచనామా ఎలా ఉంటుందో చెబుతాను, వినండి. ఎన్ని గంటలకి మొదలైందో, ఎన్ని గంటలకి ముగిసిందో ఉంటుంది. తూర్పు గదిలో ఇనప బీరువా, రెండో అరలో, ఎర్ర గుడ్డలో చుట్టి ఉన్న గొలుసు అని ఉంటుంది. బంగారు గొలుసు అని కూడా తొందరపడి రాయరు. పసుపు రంగు లోహపు గొలుసు అని రాస్తారు. బంగారమో కాదో పరీక్ష చేసేదాకా తెలియదు కదా. తూకం రాస్తారు. డబ్బు దొరికితే అయిదు వందల నోట్లు ఎన్ని, రెండు వందలవి ఎన్ని అని విడివిడిగా రాస్తారు. ఫోన్ అయితే కంపెనీ, రంగు, ఐఎంఈఐ నంబరు రాస్తారు. వస్తువుని కవరులో పెట్టి సీలు వేసి, మధ్యవర్తుల సంతకాల చీటీ అంటిస్తారు.

చెడ్డ పంచనామా ఎలా ఉంటుంది? ఇంట్లో కొంత నగదు, కొన్ని పత్రాలు, ఒక ఫోన్ అని ఉంటుంది. అంతే. కొంత అంటే ఎంత? ఏ పత్రాలు? అలా రాసిన కాగితం నిర్దోషినీ కాపాడదు, దోషినీ పట్టించదు. నిజాయితీగా పనిచేసే పోలీసు అధికారికి కూడా అది నష్టమే. ఆయన కష్టపడి పట్టుకున్న సొత్తు కోర్టులో తేలిపోతుంది. కాబట్టి ఈ నియమాలు పోలీసుల కాళ్లకి అడ్డం అనుకోవడం సరికాదు. పని సరిగ్గా చేసే అధికారికి ఇవి రక్షణ.

కొత్త చట్టం ఇంకో మంచి పని చేసింది. 105వ సెక్షన్ ప్రకారం సోదా మొత్తం వీడియో తియ్యాలి. మొబైల్ ఫోన్‌తో తీసినా సరే. జాబితా రాయడం, సాక్షులు సంతకాలు పెట్టడం కూడా ఆ వీడియోలో ఉండాలి. ఆ రికార్డింగుని ఆలస్యం లేకుండా మేజిస్ట్రేట్‌కి పంపాలి. దీనికోసం ఈ-సాక్ష్య అనే యాప్ కూడా తయారైంది. వీడియో తీస్తున్నారా అండీ అని అడగడం మీ హక్కు. మర్యాదగా అడగండి. గట్టిగా అడగండి.

ఆడవాళ్ల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. ఒంటిమీద ఏదైనా దాచుకున్నారని అనుమానం వస్తే, ఆడమనిషిని ఆడమనిషే సోదా చెయ్యాలి. అదీ పూర్తి మర్యాదతో చెయ్యాలి. మహిళా కానిస్టేబుల్ రాలేదు, ఇవాళ్టికి సర్దుకోండి అంటే సర్దుకోవాల్సిన పనిలేదు. వచ్చేదాకా ఆగమని చెప్పొచ్చు. గంజాయి లాంటి మత్తుపదార్థాల కేసుల్లో ఒంటి సోదాకి ఇంకో రక్షణ ఉంది. గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో సోదా చెయ్యమని అడిగే హక్కు మీకుంది. ఆ హక్కు ఉందని పోలీసులే ముందుగా చెప్పాలి. చెప్పి తీరాలని 2010లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇది ఒంటి సోదాకే వర్తిస్తుంది. సంచీకీ, బండికీ వర్తించదు.

మన దేశంలో ఈ హద్దుల వెనక ఉన్న చరిత్ర కూడా కాస్త తెలుసుకోవాలి. రాజ్యాంగం రాసేటప్పుడే, అకారణంగా సోదా చెయ్యకూడదన్న హామీని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని కాజీ సయ్యద్ కరీముద్దీన్ 1948 డిసెంబరులో సవరణ తెచ్చారు. అంబేడ్కర్ దానికి సుముఖంగానే ఉన్నారు. అయినా సవరణ నెగ్గలేదు. ఆ లోటు మనల్ని చాలాకాలం వెంటాడింది. 1954లో ఎనిమిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం, మన రాజ్యాంగంలో అలాంటి గోప్యత హక్కు లేదంది. 1962లో ఉత్తరప్రదేశ్‌కి చెందిన ఖరక్ సింగ్ కేసు వచ్చింది. నేరం రుజువు కాని మనిషి ఇంటికి రాత్రిపూట వెళ్లి తలుపు తట్టి లేపే అధికారం పోలీసు నిబంధనల్లో ఉండేది. ఆ ఒక్క నిబంధనని సుప్రీంకోర్టు కొట్టేసింది. చివరికి 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా చెప్పారు. 1954 నాటి మాట చెల్లదన్నారు.

ఈ దారి మధ్యలో మన హైదరాబాద్ కేసు ఒకటుంది. దాన్ని మనవాళ్లు ఇంకా ఎక్కువగా చెప్పుకోవాలని నా కోరిక. స్టాంపు చట్టంలో 73వ సెక్షన్‌ని 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవరించింది. స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టిన పత్రాలు పట్టుకోవడం ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. రాసిన తీరే ప్రమాదం. కలెక్టర్ అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా ఏ ఆవరణలోకైనా వెళ్లి పత్రాలు చూడొచ్చు, స్వాధీనం చేసుకోవచ్చు అన్నట్టు రాశారు. ఎవరికి అధికారమివ్వాలో హద్దు లేదు. కారణం కాగితం మీద పెట్టాలన్న నియమం లేదు. ఆ అధికారంతో బ్యాంకుల్లో ఖాతాదారుల పత్రాలు చూడటం మొదలైంది. కెనరా బ్యాంకు కోర్టుకెళ్లింది. హైకోర్టు ఆ సవరణని కొట్టేసింది. 2004లో సుప్రీంకోర్టు కూడా హైకోర్టు మాటే నిలబెట్టింది. ఆ తీర్పులో ఒక గొప్ప సూత్రం ఉంది. గోప్యత హక్కు మనుషులకి చెందింది, స్థలాలకి కాదన్నారు. మీ ఇంటి దస్తావేజు మీ బీరువాలో ఉన్నా, బ్యాంకు లాకరు గదిలో ఉన్నా అది మీదే. కాగితం చోటు మారినంత మాత్రాన మీ హక్కు పోదు.

ఈ సూత్రం ఇప్పుడు మన జేబులో ఉన్న ఫోన్‌కి మరీ అవసరం. పెళ్లి ఫొటోలు, డాక్టరు రిపోర్టులు, బ్యాంకు లెక్కలు, భార్యాభర్తల మాటలు అన్నీ అందులోనే. మోటారు కోసం వెతికేటప్పుడు పోపుల డబ్బా పక్కన పెట్టెయ్యొచ్చు. ఫోన్‌లో అలా గదులు, అరలు ఉండవు. తెరిస్తే అన్నీ తెరుచుకుంటాయి. అందుకని ఫోన్ దగ్గరే మన మొదటి ప్రశ్న మరీ గట్టిగా అడగాలి. దేని కోసం? ఏ తేదీ మెసేజ్? ఎవరితో మాట్లాడిన మాట?

కేసుకి అవసరమైతే ఫోన్ అడగొచ్చని, స్వాధీనం చేసుకోవచ్చని చట్టంలో ఉంది. రోడ్డు మీద ఊరికే ఆపి వాట్సాప్ చూపించమనడం వేరు. 2021 అక్టోబరులో హైదరాబాద్ పాతబస్తీ వైపు పోలీసులు దారినపోయేవాళ్లని ఆపి, ఫోన్లలో గంజాయి అనే మాట ఉందేమోనని వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. ఏ కేసు? ఏ వస్తువు? ఏ చోట? ఒక్కదానికీ జవాబు లేదు. అలాంటి వెతుకులాటకి 185వ సెక్షన్‌లో చోటు లేదని నా గట్టి నమ్మకం. యూనిఫారంలో ఉన్న పోలీసు బండి ఆపి లైసెన్సు అడిగితే చూపించాలి. ఆ అధికారం మీ మెసేజ్‌ల దాకా రాదు. కాలనీ చుట్టూ పోలీసులు నిలబడి, ఇంటింటికీ వెళ్లే నిర్బంధ తనిఖీల గురించి కూడా నేను ఇదే అంటాను. ఒక కేసు, ఒక వస్తువు, ఒక చోటు అన్న లెక్క వాటికి కుదరదు. బస్తీల్లో ఉండేవాళ్ల ఇల్లూ ఇల్లే. అపార్ట్‌మెంటు గేటు దగ్గర చూపించే మర్యాద ఆ గడప దగ్గరా చూపించాలి.

ఫోన్ స్వాధీనం చేసుకుంటే పంచనామాలో ఐఎంఈఐ నంబరు పడిందో లేదో చూసుకోండి. సీలు వేశారో లేదో చూసుకోండి. ఫోన్‌లోని సమాచారానికి హాష్ విలువ అని ఒకటి లెక్కగడతారు. అంకెలు, అక్షరాలు కలిసిన పొడుగాటి వరస అది. లోపల ఒక్క అక్షరం మారినా ఆ వరస మారిపోతుంది. కొత్త సాక్ష్య చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ విలువ రాయాలి. దాన్ని ఫోన్ తీసుకున్న రోజే నమోదు చేయించుకోగలిగితే, తర్వాత అందులో ఎవరైనా ఏదైనా చేర్చారా అన్న తగాదా రాదు. ఫోన్లు, లాప్‌టాప్‌ల జప్తుకి సరైన మార్గదర్శకాలు ఉండాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది. పాస్‌వర్డు చెప్పాలా వద్దా అన్నదాని మీద కోర్టులన్నీ ఒకే మాట చెప్పలేదు. తనకి తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 20వ అధికరణం అంటోంది. కాబట్టి మీరు నిందితులైతే వకీలుతో మాట్లాడాకే జవాబు చెప్పండి.

ఇంత చెప్పాక మీకు ఒక అనుమానం రావాలి. సోదాలో నియమం తప్పితే దొరికిన వస్తువు కోర్టులో చెల్లదా? సూటిగా చెబుతాను. మన దేశంలో అలా దానంతటది కొట్టుకుపోదు. సోదాలో తప్పు జరిగినా, దొరికిన వస్తువు కేసుకి సంబంధించిందైతే కోర్టు దాన్ని చూడొచ్చని 1973 చివర్లో పూరన్ మల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకు ఇది తృప్తినిచ్చే సంగతి కాదు. తప్పుడు సోదా వల్ల పోలీసుకి నష్టం లేకపోతే నియమం ఎందుకు పాటిస్తారు? అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. నియమం తప్పిన సోదాలో దొరికిందంటే, ఆ సాక్ష్యాన్ని కోర్టు మరింత జాగ్రత్తగా పరీక్షిస్తుంది. తెలిసి తెలిసి దర్యాప్తు నియమాలు ఉల్లంఘించి ఒకరికి నష్టం చేసిన ఉద్యోగికి, భారతీయ న్యాయ సంహిత 199వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. వీటిలో ఏది కావాలన్నా మీ చేతిలో కాగితం ఉండాలి. పంచనామా నకలు ఉండాలి. మేజిస్ట్రేట్ దగ్గర తీసుకున్న నకలు ఉండాలి.

వకీలుని పెట్టుకునే స్తోమత లేదంటారా? జిల్లా న్యాయసేవాధికార సంస్థ ప్రతి జిల్లాలో ఉంది. ఆడవాళ్లకి, ఎస్సీ, ఎస్టీలకి, కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఫోన్ నంబరు 15100. ఇంకోసారి చెబుతున్నాను. ఒకటి, అయిదు, ఒకటి, సున్నా, సున్నా.

చివరిగా, ఇంట్లో సోదా జరగనివాళ్లతో ఒక మాట. మీ వీధిలో ఎవరింట్లోనో సోదా జరుగుతుంది. మధ్యవర్తిగా రండి అని పోలీసులు మిమ్మల్ని పిలుస్తారు. మనకెందుకులే అని తలుపేసుకుంటాం. రాతపూర్వకంగా పిలిచినా, సరైన కారణం లేకుండా రాకపోవడం నేరమని చట్టం చెబుతోంది. ఆ సంగతి అలా ఉంచండి. మీరు వెళ్లకపోతే స్టేషన్ చుట్టూ తిరిగే మనిషే ప్రతి కేసులోనూ మధ్యవర్తి అవుతాడు. చూడనిదాని మీద సంతకం పెడతాడు. ఆ సంతకం మీద ఒక మనిషి జైలుకి పోవచ్చు, లేదా ఒక దొంగ తప్పించుకోవచ్చు. దయచేసి వెళ్లండి. ఏ గదిలో ఏం తీశారో మీ కళ్లతో చూడండి. చూసింది రాశారో లేదో చదవండి. తెల్ల కాగితం మీద మాత్రం, ఎవరు అడిగినా, సంతకం పెట్టకండి.